జిల్లా కాలమ్ ప్రతి టేబుల్‌లోనూ పెట్టాలా, మండలం నుంచి తెచ్చుకోవాలా?

ప్రశ్న అడిగినవారు:
మాది రైతు రుణాల సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తోంది. గ్రామాల టేబుల్‌లో మండలం ఐడీ, మండలాల టేబుల్‌లో జిల్లా ఐడీ ఉన్నాయి. దరఖాస్తుల్లో గ్రామం ఐడీ ఒక్కటే ఉంది. రిపోర్టులన్నీ జిల్లావారీగా అడుగుతున్నారు కాబట్టి జిల్లా ఐడీని దరఖాస్తుల్లోనూ, వాయిదాల టేబుల్‌లోనూ కూడా పెట్టేద్దామని మా సీనియర్ అంటున్నారు. నార్మలైజేషన్ (ఒక సమాచారం ఒక్కచోటే ఉండాలన్న పద్ధతి) దెబ్బతింటుందేమోనని నా టెన్షన్. మీరేమంటారు?

రిపోర్టుల టీమ్:
పెట్టేయండి. వాయిదా నుంచి జిల్లా పేరు దాకా వెళ్లాలంటే నాలుగు జాయిన్‌లు, అంటే నాలుగుసార్లు టేబుళ్లను కలపాలి. ఊరు మారదు, జిల్లా మారదు. మారని దాన్ని కాపీ చేస్తే నష్టమేముంది?

మూడో నార్మల్ ఫామ్:
జిల్లా మారదని ఎవరన్నారండీ? చింతూరు మండలాన్నే చూడండి. 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆ ఏడాదే తూర్పు గోదావరిలో కలిసింది, అంటే రాష్ట్రమే మారింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి.

జిల్లా ఐడీ మండలాల టేబుల్‌లో మాత్రమే ఉంటే, మండలానికి ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. కాపీలు ఉంటే లక్షల వరుసలు మార్చాలి. ఏ ఒక్క టేబుల్‌ని మరిచిపోయినా ఒకే ఊరు రెండు జిల్లాల్లో కనిపిస్తుంది. 1970ల మొదట్లో డేటాబేస్ శాస్త్రవేత్త కాడ్ మూడో నార్మల్ ఫామ్ అనే నార్మలైజేషన్ నియమాన్ని ప్రతిపాదించింది ఇలాంటి చిక్కులు రాకూడదనే.

జాయిన్‌లకు అంత భయం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల మండలాలూ కలిపితే వెయ్యి పైచిలుకు వరుసలు, అవి మెమరీలోనే ఉండిపోతాయి. ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (టైమ్ ఎక్కడ పోతోందో చూపే కమాండ్) చూడండి. ఫారిన్ కీ (వేరే టేబుల్‌లోని వరుసను చూపే) కాలమ్ మీద పోస్ట్‌గ్రెస్ దానంతటది ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేయదు. చాలాచోట్ల రిపోర్టు నెమ్మదించేది అందుకే.

రిపోర్టుల టీమ్:
విభజన సంగతి ఒప్పుకుంటాను. కానీ 2015లో చింతూరులో ఇచ్చిన రుణం ఆనాటి లెక్కల్లో తూర్పు గోదావరి కిందే ఉంది. మీ పద్ధతిలో అదే రిపోర్టు ఇవాళ తీస్తే వేరే జిల్లా కింద వస్తుంది. ఆడిటర్‌కి ఏం చెప్పాలి?

మూడో నార్మల్ ఫామ్:
న్యాయమైన ప్రశ్నే. అయితే మీరు అడుగుతున్నది కాపీ కాదు. ‘మంజూరు నాటి జిల్లా’ అనేది వేరే సమాచారం, ఇవాళ్టి మండలాల టేబుల్ నుంచి దాన్ని రాబట్టలేం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినా, పాత బిల్లులో అమ్మిన రోజు శాతమే ఉండాలి కదా! కాబట్టి ఆ కాలమ్‌ని దరఖాస్తుల్లో ఆ పేరుతోనే పెట్టండి, మంజూరయ్యాక ముట్టుకోకండి. వాయిదాల్లో మాత్రం వద్దు, ఒక్క జాయిన్‌తో దొరుకుతుంది.

పోస్ట్‌గ్రెస్ వాడుకరి:
‘వద్దు’ అని ఖాయంగా చెప్పలేం. వాయిదాల టేబుల్‌ని జిల్లావారీగా పార్టిషన్ చేయాలంటే (ముక్కలుగా విడదీయాలంటే) ఆ కాలమ్ అందులోనే ఉండాలి. అప్పుడు కాపీ తప్పదు, కానీ దాన్ని సరిగ్గా ఉంచే పని ప్రోగ్రామర్ జ్ఞాపకశక్తికి వదిలేయకూడదు. దరఖాస్తుల్లో దరఖాస్తు ఐడీ, మంజూరు నాటి జిల్లా ఐడీ రెండింటికీ కలిపి యునీక్ (అదే జంట మళ్లీ రాకూడదన్న నియమం) పెట్టి, వాయిదాల నుంచి ఆ జంటకే ఫారిన్ కీ ఇవ్వండి. జిల్లా తేడాగా ఉన్న వరుసను డేటాబేసే తిప్పికొడుతుంది. వాయిదాల్లో ఆ రెండు కాలమ్‌లూ నాట్ నల్ (ఖాళీగా ఉండకూడనివి) అయి తీరాలి. మామూలు సెట్టింగ్‌లో వాటిలో ఒక్కటి నల్ అయినా పోస్ట్‌గ్రెస్ ఆ వరుసను తనిఖీ చేయకుండా వదిలేస్తుంది.