ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జ్ హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్) మార్చాక స్విచ్ 1లో పీలగా, 2లో డొల్లగా మోగుతోంది. వైరింగ్‌లో తేడా ఎక్కడ?

ఆరుతీగలు:

స్ట్రాట్ ఆకారపు హెచ్‌ఎస్‌ఎస్ గిటార్ (బ్రిడ్జ్‌లో హంబకర్, మిగతా రెండు చోట్లా సింగిల్ కాయిల్స్). మూడు పికప్‌లతో పాటు ఐదు స్థానాల సెలెక్టర్ స్విచ్ కూడా మార్చాను. బ్రిడ్జ్‌లో సేమర్ డంకన్ హంబకర్: నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, వీటితో పాటు తొడుగు లేని బేర్ వైరు. మిడిల్, నెక్ రెండూ వేరే కంపెనీ సింగిల్ కాయిల్స్, రెండేసి వైర్లు. మిడిల్ ఆర్‌డబ్ల్యూఆర్‌పీ రకం (చుట్టు, అయస్కాంతం రెండూ తిరగబడినది). స్విచ్ డబ్బా మోడల్, ఎనిమిది కాళ్లూ ఒకే వరసలో ఉన్నాయి. పాట్లు (నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్లు) పాతవే: ఒక వాల్యూమ్, ఒక టోన్, రెండూ 250కె (కిలో ఓమ్‌లు).

హంబకర్ ఇలా కలిపాను: ఎరుపు హాట్ (సిగ్నల్ వైరు), నలుపు-తెలుపు కలిపి టేపు, ఆకుపచ్చ-బేర్ గ్రౌండ్.

వాల్యూమ్ ఫుల్‌గా పెట్టి, జాక్‌లో కేబుల్ గుచ్చి, దాని రెండో చివర టిప్‌కీ (ప్లగ్ మొన) స్లీవ్‌కీ (ప్లగ్ వెనక గొట్టం) మధ్య మల్టీమీటర్ పెడితే:
1 (బ్రిడ్జ్): 4.1కె
2 (బ్రిడ్జ్+మిడిల్): 2.5కె
3 (మిడిల్): 6.1కె
4 (మిడిల్+నెక్): 3.0కె
5 (నెక్): 5.8కె

హంబకర్ పెట్టె మీద 8.3కె అని ఉంది. 1లో శబ్దం పీలగా ఉంది, సింగిల్ కాయిల్‌లా హమ్ (గుయ్‌మనే రొద) కూడా వస్తోంది. 2లో బేస్ మొత్తం పోయి ముక్కుతో పాడినట్టు వస్తోంది. 3, 4, 5 బాగున్నాయి. రెండో స్థానంలో హంబకర్ దానంతటదే స్ప్లిట్ అయ్యేలా (ఒక్క కాయిలే మోగేలా) చేయొచ్చా? పాట్లు 500కెకి మార్చాలా?

టంకంపుల్ల:

రీడింగులు ఇచ్చి మంచి పని చేశారు, సగం జవాబు వాటిలోనే ఉంది. 8.3 రావాల్సిన చోట 4.1 వచ్చిందంటే ఒక్క కాయిలే మోగుతోంది.

మీరు కలిపింది డిమార్జియో రంగుల ప్రకారం. వాళ్ల పద్ధతిలో ఎరుపు హాట్, నలుపు-తెలుపు జత, ఆకుపచ్చ గ్రౌండ్. డంకన్‌లో ఇవే రంగులు, పనులు మాత్రం వేరు: నలుపు హాట్, ఎరుపు-తెలుపు జత, ఆకుపచ్చ-బేర్ గ్రౌండ్. డంకన్‌లో నలుపు, తెలుపు ఒకే కాయిల్‌కి రెండు కొసలు. వాటిని కలిపి టేపు చుట్టేశారంటే ఆ కాయిల్‌ని షార్ట్ చేసినట్టే. మిగిలింది ఎరుపు-ఆకుపచ్చ కాయిల్ ఒక్కటే. అందుకే సగం ఓమ్‌లు, అందుకే హమ్.

నలుపు-తెలుపు జత విప్పండి. ఎరుపు, తెలుపు కలిపి టంకం పెట్టి హీట్ ష్రింక్ తొడగండి (టేపు జిగురు కొన్నాళ్లకి జారుతుంది). నలుపు స్విచ్‌కి వెళ్లాలి. మళ్లీ కొలిస్తే 8.0 దగ్గర రావాలి. 8.3 రాలేదని కంగారు పడకండి, 250కె పాట్ సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం తగ్గుతుంది.

ఏ కంపెనీదో తెలియని పికప్ దొరికితే రంగుల జోలికి పోకుండా ముందు మీటర్‌తో జతలు వెతకండి. ఏ రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కనిపిస్తే అవి ఒక కాయిల్. ఏదీ కలపకముందు బేర్ వైరు నాలుగు రంగుల్లో దేనితోనూ మీటర్‌లో కలిసినట్టు చూపకూడదు.

రాగిచుట్ట:

పైన చెప్పింది 1వ స్థానానికి మందు. 2లో డొల్లతనం దాంతో పోదు, అది వేరే జబ్బు: ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఎదురెదురు దిశల్లో ఊగి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం. ఇప్పుడు మోగుతున్న ఎరుపు-ఆకుపచ్చ కాయిల్ సరైన వైరింగ్‌లో కూడా ఇదే దిశలో ఉంటుంది. కాబట్టి ఇప్పుడు మిడిల్‌కి ఎదురు తిరుగుతున్నది రేపు కూడా తిరుగుతుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపినప్పుడు ఇది మామూలే. ఎవరి తప్పూ కాదు, ఎవరి దిశ వాళ్లది.

ఊహతో వైర్లు మార్చే ముందు పరీక్షించండి. కేబుల్ ఉన్నట్టే ఉంచి మీటర్‌ని 20కె రేంజిలో పెట్టండి. స్విచ్ 1లో పెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్‌ని హంబకర్ పోల్స్ (తీగల కింద కనిపించే లోహపు బొడిపెలు) మీద ఆనించి, అంకె నిలకడగా ఉన్నాక చటుక్కున పైకి లాగండి. అంకె ముందు పెరిగిందా, తగ్గిందా చూడండి. వెంటనే వెనక్కి కూడా ఊగుతుంది, అది వదిలేయండి. లెక్కలోకి వచ్చేది మొదటి కదలికే. డిజిటల్ మీటర్ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఒక్కో పికప్‌కి నాలుగైదు సార్లు చేయండి. ముల్లు మీటర్ ఉంటే ఇంకా సులువు. తర్వాత 3లో, 5లో. మూడూ ఒకే వైపు కదలాలి. ఆర్‌డబ్ల్యూఆర్‌పీ మిడిల్ కూడా అదే వైపు కదలాలి. దానిలో అయస్కాంతం, చుట్టు రెండూ తిరగబడి ఉంటాయి కాబట్టి చివరికి సిగ్నల్ దిశ మారదు.

ఆరుతీగలు:

నలుపు హాట్ చేశాక 1లో 8.0 వస్తోంది, హమ్ పోయింది. స్క్రూడ్రైవర్ లాగితే 1లో అంకె తగ్గుతోంది, 3లో, 5లో పెరుగుతోంది. అయితే మిడిల్, నెక్ రెండింటి వైర్లూ తిప్పాలా?

రాగిచుట్ట:

వద్దు. వాటిలో వాటికి పొత్తు బాగుంది, 4 బాగా మోగడమే సాక్ష్యం. రెండింటిని కదిలించే బదులు హంబకర్‌నే తిప్పండి: ఆకుపచ్చ స్విచ్‌కి, నలుపు గ్రౌండ్‌కి. ఎరుపు-తెలుపు జతని ముట్టుకోవద్దు. బేర్ మాత్రం ఎప్పటికీ గ్రౌండ్‌లోనే. అదీ ఆకుపచ్చతో పాటు హాట్ వైపు పోతే పికప్ లోహపు అడుగు భాగమంతా యాంటెన్నా అయి కూర్చుంటుంది. నాలుగు వైర్ల హంబకర్‌లో బేర్ విడిగా ఉండటం ఇక్కడే అక్కరకొస్తుంది. ఒకే కోర్ మీద అల్లిన కవచం ఉండే పాతరకం హంబకర్‌లో ఈ వైర్ల మార్పిడి కుదరదు, అక్కడ అయస్కాంతం తిప్పడమే దారి.

టంకంపుల్ల:

స్ప్లిట్ సంగతి. మీ స్విచ్‌లో రెండు పోల్స్ ఉంటాయి (పికప్ పోల్స్ కాదు, విడివిడిగా పనిచేసే రెండు సగాలు), ఒక్కో దానికి ఒక కామన్, మూడు పికప్ కాళ్లు. ఎనిమిది కాళ్ల వరస కంపెనీని బట్టి మారుతుంది, బొమ్మ చూసి నమ్మొద్దు. మీటర్ బీప్ మోడ్‌లో 1, 3, 5 స్థానాల్లో ఏది దేనితో కలుస్తుందో కాగితం మీద రాసుకోండి. మూడు చోట్లా బీప్‌లో ఉండే కాలు కామన్.

మొదటి పోల్ మామూలే: పికప్ హాట్‌లు మూడు కాళ్లకి, కామన్ వాల్యూమ్ పాట్‌కి. రెండో పోల్‌లో ఎరుపు-తెలుపు జతని బ్రిడ్జ్ కాలికి, మిడిల్ కాలిని గ్రౌండ్‌కి కలపండి. నెక్ కాలు, కామన్ ఖాళీ. 1లో ఆ జత ఎక్కడికీ పోదు, పూర్తి హంబకర్ మోగుతుంది. 2లో స్విచ్ బ్రిడ్జ్, మిడిల్ కాళ్లని ఒకదానితో ఒకటి కలిపేస్తుంది కాబట్టి జత గ్రౌండై ఒక్క కాయిల్ మిగులుతుంది.

2లో హమ్ ఉంటే, మిగిలిన కాయిల్ మిడిల్‌తో కలిసి హమ్‌ని కొట్టేసే సరిజోడు కాదన్నమాట. అప్పుడు రెండో పోల్ మిడిల్ కాలి నుంచి వచ్చే వైరుని గ్రౌండ్ నుంచి తీసి మొదటి పోల్ కామన్‌కి వేయండి. ఇప్పుడు మొదటి కాయిల్ షార్టై రెండోది మోగుతుంది. ఫేజ్ మారదు.

ఇదివరకు టోన్ ఈ రెండో పోల్ గుండా వెళ్తుంటే దాన్ని వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికి మార్చాలి. ఇక అన్ని పికప్‌లకీ ఒకటే టోన్.

తీగచుట్టం:

పాట్ల గురించి. 250కె మీద హంబకర్ పైస్వరాలు కాస్త మందగిస్తాయి, 500కె మీద తెరుచుకుంటాయి. కానీ 500కె మీద సింగిల్ కాయిల్స్ గీసినట్టు పదునెక్కుతాయి. మధ్యే మార్గం: వాల్యూమ్ 500కె పెట్టి, మొదటి పోల్‌లో మిడిల్ కాలి నుంచి గ్రౌండ్‌కి ఒక 470కె రెసిస్టర్, నెక్ కాలి నుంచి గ్రౌండ్‌కి ఇంకొకటి. 3లో, 5లో పాట్‌తో కలిపి 242కె అవుతుంది. 1లో ఆ కాళ్లు తెగి ఉంటాయి కాబట్టి హంబకర్‌కి పూర్తి 500కె. లోపం ఒక్కటే: 4లో రెండు రెసిస్టర్లూ కలిసి 160కె దాకా దిగుతుంది, ఆ స్థానం కొంచెం మెత్తబడుతుంది. రెండో పోల్ వాడి ఒకే రెసిస్టర్‌తో సరిపెట్టే పద్ధతి ఉంది గానీ, మీరు దాన్ని స్ప్లిట్‌కి ఇచ్చేశారు.

కొనేటప్పుడు వాల్యూమ్‌కి ఏ500కె అని రాసినది తీసుకోండి. ఏ అంటే ఆడియో టేపర్ (చెవికి వినిపించే తీరుకి తగ్గట్టు మారేది), బీ అంటే లీనియర్ (సమానంగా మారేది). సీటీఎస్ కంపెనీ చేసేలాంటి పెద్ద పాట్ల మెడ 9.5 మి.మీ., చిన్న మెట్రిక్ పాట్లున్న పిక్‌గార్డ్ రంధ్రంలో పట్టదు, పెద్దది చేయాలి. నాబ్ లోపలి పళ్లు కూడా కలవాలి.

రాగిచుట్ట:

నా ఓటు 250కెకే. 8.3కె హంబకర్ మరీ వేడి (ఎక్కువ అవుట్‌పుట్ ఇచ్చే) పికప్ కాదు, 250 మీద ఊపిరాడనంత మందంగా ఏమీ ఉండదు. ముందు ఫేజ్, స్ప్లిట్ సరిచేసి వినండి. అప్పటికీ మూసుకున్నట్టు అనిపిస్తే వాల్యూమ్ ఒక్కటీ మార్చండి, టోన్ 250లో ఉన్నా నష్టం లేదు.

పాట్ వెనకాల టంకం పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. ముందు ఆ చోటు ఉప్పుకాగితంతో గీకండి. 25 వాట్ల సన్న ఐరన్‌తో నిమిషం సేపు నొక్కి కూర్చుంటే టంకం అంటదు, లోపలి ట్రాక్ మాత్రం మాడిపోతుంది. 40 వాట్లు లేదా పైన, వెడల్పు మొన, మూడు నాలుగు సెకన్లలో పని అయిపోవాలి. హంబకర్ సన్న వైర్ల తొడుగు తేలిగ్గా కరుగుతుంది, వాటికి ముందే టంకం పూత వేసుకుంటే ఐరన్ తాకించే సమయం సగమవుతుంది. ఫ్లక్స్ రోజిన్‌దే వాడాలి, యాసిడ్ ఫ్లక్స్ కాళ్లని తినేస్తుంది.

తీగలు ఎక్కించే ముందే ఆంప్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఐదు స్థానాల్లోనూ పికప్ పోల్స్‌ని స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి. తీగలు ఎక్కించాక బ్రిడ్జ్‌ని తాకితే హమ్ తగ్గాలి. తాకినా ఏ మార్పూ లేకపోతే ట్రెమోలో క్లా (గిటార్ వెనక స్ప్రింగులు తగిలించే లోహపు పట్టీ) దగ్గరి గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడండి. తాకితే పెరుగుతుంటే జాక్‌లో టిప్, స్లీవ్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి.