న్యూజెర్సీలో నా ఓటుకి విలువ ఉందా? ప్రెసిడెంట్‌ని నేరుగా పాపులర్ ఓటుతో ఎన్నుకోవడం అయ్యే పనేనా?

ట్రెంటన్_అల్లుడు:
అందరికీ నమస్తే. ఇక్కడ సిటిజన్లు చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నా, తెలీక అడిగితే తిట్టుకోకండి. నేను 2023లో సిటిజన్‌షిప్ తీసుకున్నా. ఓత్ అయ్యి చిన్న జెండా చేత్తో పట్టుకుని బయటికి రాగానే ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం ఇచ్చారు, ఇంటికెళ్లి నింపుదాంలే అనుకోకుండా అక్కడే గోడకి ఆనించి నింపేశా, అంత ఉత్సాహం. 2024 నవంబర్లో మొదటి ఓటు.

మా బావమరిది నదికి అవతల, పెన్సిల్వేనియాలో మోరిస్‌విల్ పక్కన ఉంటాడు. మా ఇంటి నుంచి బ్రిడ్జి దాటితే పావుగంట. ఎలక్షన్ ముందు రెండు నెలలు వాళ్ల పోస్ట్ బాక్స్ చూడాలి, రోజూ ఓ గుప్పెడు రంగురంగుల కార్డులు, వాళ్లావిడ అవన్నీ పిల్లాడు పెయింట్ వేసుకునేప్పుడు కింద పరిచేది. తలుపు కొట్టేవాళ్లు, ఫోన్లు, మెసేజ్‌లు, ఆఖరికి తెలుగు మాట్లాడే వాలంటీర్ ఒకాయన వచ్చి కాఫీ తాగి మరీ వెళ్లాడట. నాకొచ్చింది ఒకే ఒక్క కార్డు. అదీ స్కూల్ బోర్డు ఎలక్షన్‌ది.

అప్పట్నుంచి కలిసినప్పుడల్లా "బావా, నీ ఓటు ఎవడిక్కావాలి" అని ఒకటే ఎగతాళి. వాడిమీద కోపం కాదు కానీ నిజమే కదా, అదే దేశం, అదే పాస్‌పోర్టు, మధ్యలో డెలావేర్ నది ఒక్కటి. రాజ్యాంగం మార్చకుండానే దీన్ని సరిచేసే ఒప్పందం ఏదో రాష్ట్రాల మధ్య నడుస్తోందని విన్నా. ఎవరైనా వివరంగా చెప్తారా?

ఫ్రిస్కో_శీను:
బ్రో నువ్వు న్యూజెర్సీ అని ఏడుస్తున్నావ్, మా టెక్సస్ చూడు. 2024లో ఇక్కడ కమలా హారిస్‌కి 48 లక్షల ఓట్లు పడ్డాయి, ఎలక్టర్లు (రాష్ట్రం తరఫున ప్రెసిడెంట్‌ని ఎన్నుకునేవాళ్లు) సున్నా. ఉన్న 40 మందీ ట్రంప్‌కే. కాలిఫోర్నియాలో ట్రంప్‌కి 60 లక్షలు దాటి పడ్డాయి, అక్కడా సున్నా. ఇంకో తమాషా, 2020లో ట్రంప్‌కి అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఓట్లు వేసింది టెక్సస్ కాదు, కాలిఫోర్నియా! పనికొచ్చినవి ఎన్ని? ఒక్కటీ లేదు. కాబట్టి ఇది ఒక పార్టీ గోల అనుకోకండి, తప్పు రాష్ట్రంలో ఉంటే ఎవడి ఓటైనా అంతే.

లెక్కల_మాస్టారు:
అల్లుడుగారూ, రెండు వేర్వేరు సమస్యలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, విడదీసి చూడండి.

ఒకటి చిన్న రాష్ట్రాల బోనస్. మొత్తం ఎలక్టర్లు 538, గెలవాలంటే 270. ప్రతి రాష్ట్రానికీ హౌస్ (మన లోక్‌సభ లాంటిది) సీట్లు ఎన్నో అన్ని, దానిమీద సెనేట్‌వి రెండు. ఎంత చిన్న రాష్ట్రమైనా మూడుకి తగ్గదు. వయోమింగ్ జనాభా 2020 సెన్సస్‌లో 5.77 లక్షలు, 3 ఎలక్టర్లు. కాలిఫోర్నియా 3.95 కోట్లు, 54. అంటే అక్కడ 1.92 లక్షల మందికి ఒకరు, ఇక్కడ 7.3 లక్షల మందికి ఒకరు. దాదాపు నాలుగు రెట్లు తేడా. అందరూ దీన్నే పట్టుకుని వేలాడతారు కానీ నన్నడిగితే అసలు జబ్బు రెండోది, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా రాష్ట్రం మొత్తం ఎగరేసుకుపోవడం. వయోమింగ్‌కి నాలుగు రెట్ల బరువుంది సరే, ఒక్క క్యాండిడేట్ అయినా అక్కడికి పోయి కూర్చున్నాడా? లేదు, అందరూ అటో ఇటో తేలని పెన్సిల్వేనియాలోనే. మీ బావమరిది ఇంటికి కార్డులు అందుకే వచ్చాయి.

2000లో గోర్‌కి దేశం మొత్తమ్మీద 5 లక్షల పైన ఎక్కువొచ్చాయి, ఫ్లోరిడాలో 537 ఓట్లతో బుష్ గెలిచాడు, అయిపోయింది. 2016లో హిల్లరీకి 28 లక్షలకి పైగా ఎక్కువ, అయినా ఓడింది. 2020 ఇంకా భయంకరం, బైడెన్‌కి 70 లక్షలు ఎక్కువొచ్చినా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో మెజారిటీ కలిపితే 43 వేలే, ఆ మూడూ ట్రంప్‌కి పోయుంటే 269-269 టై. టై అయితే ఎవరు తేలుస్తారో తెలుసా, హౌస్‌లో రాష్ట్రానికి ఒక్క ఓటు, కాలిఫోర్నియాకీ ఒకటే వయోమింగ్‌కీ ఒకటే.

ఇక మీరడిగిన ఒప్పందం. రాష్ట్రం తన ఎలక్టర్లని ఎలా ఎంచుకోవాలో ఆ రాష్ట్ర శాసనసభ ఇష్టమని రాజ్యాంగంలోనే ఉంది. దాన్ని పట్టుకుని కొన్ని రాష్ట్రాలు, దేశం మొత్తమ్మీద ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే మా ఎలక్టర్లు వాళ్లకే అని చట్టాలు చేసుకున్నాయి. మెలిక ఏంటంటే, చేరిన రాష్ట్రాల ఎలక్టర్లు కలిపి 270 అయితేనే అమల్లోకొస్తుంది, అప్పటిదాకా కాగితమ్మీదే. 2007లో మేరీల్యాండ్ మొదలుపెట్టింది, మరుసటేడే మీ న్యూజెర్సీ చేరింది (మీ రాష్ట్రంలో ఎప్పుడో అయిన పని మీకే తెలీలేదు!). 2024లో మెయిన్ చేరేసరికి 209 అయ్యాయి. అప్పటిదాకా చేరినవన్నీ డెమోక్రాట్లవైపు మొగ్గే రాష్ట్రాలే, అసలు చిక్కు అక్కడే ఉంది.

ప్రెసిడెంట్‌ని నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగ సవరణకి ఒకసారి గట్టిగానే ప్రయత్నించారు. 1968లో జార్జ్ వాలెస్ మూడో పక్షంగా నిలబడి 46 ఎలక్టర్లు పట్టుకుపోయాక రెండు పార్టీలకీ వణుకు పుట్టింది, 1969లో హౌస్ భారీ మెజారిటీతో పాస్ చేసింది, నిక్సన్ కూడా సరేనన్నాడు. తర్వాతేడు సెనేట్‌లో ఎడతెగకుండా సాగదీసి చంపేశారు. ఇప్పుడు 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలంటే మన తరంలో నేనైతే చూడను.

ఒమాహా_నాని:
మాస్టారూ మా నెబ్రాస్కాని వదిలేశారు 😄 ఇక్కడా, మెయిన్‌లోనూ రాష్ట్రం మొత్తం ఒకడికే ఇవ్వరు, రెండు రాష్ట్రమంతటి లెక్కన, మిగతావి జిల్లాకొకటి. మా ఒమాహా జిల్లాది ఒక్క ఎలక్టర్ ఓటు, దానికోసం 2024లో టీవీ పెడితే యాడ్స్ తప్ప ఏం కనపడలేదు, కొంతమంది ఇంటి ముందు తెల్లబోర్డు మీద నీలం చుక్క (డెమోక్రాట్ల రంగు) ఒక్కటి, అక్షరం లేదు, అందరికీ అర్థమవుతుంది. ఇదే అన్నిచోట్లా పెడితే సరిపోతుందని నేనూ అనుకునేవాణ్ణి. కానీ జిల్లాల గీతలు గీసేది రాజకీయ నాయకులే కదా. ఒబామా 50 లక్షల మెజారిటీతో గెలిచిన 2012 ఎలక్షన్నే అన్ని రాష్ట్రాల్లో మా పద్ధతిలో లెక్కేస్తే రోమ్నీ గెలిచేవాడు! ఇది మందు కాదు, ఇంకో రోగం.

ఒహాయో_గోదారోడు:
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అపశ్రుతి పలుకుతా. సమానం సమానం అంటున్నారు, బానే ఉంది. మరి మనూళ్లో లోక్‌సభ సీట్లు ఇప్పటి జనాభా ప్రకారం పంచుతామంటే మనమే కదా గుండెలు బాదుకునేది? రాష్ట్రాల సీట్లు 1971 లెక్కల మీద ఆగిపోయి ఉన్నాయి, కుటుంబ నియంత్రణ బుద్ధిగా పాటించిన ఆంధ్రా తెలంగాణాకి శిక్షా అని వాట్సాప్‌లో పేజీలు పేజీలు రాసేవాళ్లే ఇక్కడికొచ్చి వయోమింగ్‌కి అన్యాయంగా బలముంది అంటారు. అప్పుడు రాష్ట్రం కావాలి, ఇప్పుడు మనిషి కావాలి. ఏదో ఒకటి తేల్చుకోండి.

ఇంకోటి, రీకౌంట్. 2000లో ఒక్క ఫ్లోరిడాకే 36 రోజులు పట్టింది. దేశం మొత్తం తేడా ఓ లక్ష ఓట్లే అయితే యాభై రాష్ట్రాల్లో యాభై రకాల రూల్స్‌తో తిరిగి లెక్కపెడతారా? ఆ ఒప్పందంలో సగం ఓట్లు దాటాలన్న షరతు కూడా లేదు, నలుగురు నిలబడితే 35 శాతంతో కూడా గెలవొచ్చు.

లెక్కల_మాస్టారు:
గోదారోడుగారు రీకౌంట్ మాట కరెక్టే, 35 శాతం మాట ఇంకా కరెక్టు, దానికి నా దగ్గర జవాబు లేదు. లోక్‌సభ పోలిక మాత్రం ఒప్పుకోను. అక్కడ గొడవ సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని కుర్చీలని, ఇక్కడ దేశానికంతటికీ ఒకే ఒక్క కుర్చీ, అది ఎవరిదని. రాష్ట్రాల గొంతు వినపడాలంటే సెనేట్ ఉండనే ఉంది, వయోమింగ్‌కీ ఇద్దరే కాలిఫోర్నియాకీ ఇద్దరే. పోల్చాలంటే మన రాష్ట్రపతి ఎన్నికతో పోల్చండి. 2022లో ఆంధ్రా ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణాది 132, యూపీది 208, సిక్కింది 7. పాత లెక్కే అయినా జనాభాకి తగ్గ బరువే, చిన్న రాష్ట్రానికి బోనస్ ఏమీ లేదు.

ఒహాయో_గోదారోడు:
సిక్కిం వాళ్లు ఇది చదివితే మీ ఇంటికొస్తారు మాస్టారూ 😂 సగం ఒప్పుకుంటున్నా, సగమే. మా ఒహాయోకి ఒకప్పుడు మీ పెన్సిల్వేనియా కంటే ఎక్కువ మర్యాద జరిగేది, ఇప్పుడు పలకరించే దిక్కు లేదు, ఆ కడుపుమంట కూడా కొంత ఉందనుకోండి.

ట్రెంటన్_అల్లుడు:
అందరికీ థ్యాంక్స్. న్యూజెర్సీ చేరిందన్న సంగతి బావమరిదికి ఫార్వర్డ్ చేశా, "270 అయ్యాక చెప్పు" అన్నాడు. ఒక్క డౌట్ మిగిలింది. మా ఆఫీసులో ప్యూర్టో రికో అతను ఉన్నాడు, పుట్టుకతోనే అమెరికన్ సిటిజన్. అక్కడున్నన్నాళ్లూ ప్రెసిడెంట్‌కి ఓటు లేదట, ఇక్కడికొచ్చాక మొదటిసారి వేశాడట. ఆ ఒప్పందం అమల్లోకొస్తే వాళ్లమ్మావాళ్ల ఓటు కూడా లెక్కలోకొస్తుందా?

లెక్కల_మాస్టారు:
రాదండీ. అందులో లెక్కపెట్టేది యాభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, అంతే. డీసీకి కూడా 1961లో సవరణ చేస్తేనే ఓటొచ్చింది. ప్యూర్టో రికోలో ఉన్న ముప్పై లక్షల పైచిలుకు మందికి ఇప్పుడూ లేదు, అప్పుడూ ఉండదు. ఇంకా వింత చెప్పనా, రేపు మీరు రిటైరై హైదరాబాద్‌లో స్థిరపడినా న్యూజెర్సీ అడ్రసు మీద పోస్టులో ఓటు వేసుకోవచ్చు. అదే మీ ఆఫీసతను తిరిగి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోతే అతని ఓటు పోతుంది.

ట్రెంటన్_అల్లుడు:
అతనికి రేపు లంచ్‌లో ఇది ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు. ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో.