రంభ రేవులో సందర్శకులకు ఏ పడవ మేలు: పాంటూన్ పడవా, బల్లపరుపు అడుగున్న చిన్న పడవా?

రంభ సభ్యుడు:
ఒడిశాలోని రంభ నుంచి చిలికా సరస్సులోని పక్షుల దీవికి, బ్రేక్‌ఫాస్ట్ దీవికి సందర్శకులను తిప్పడానికి మేము ఇద్దరు అన్నదమ్ములం ఒక పడవ కొనాలనుకుంటున్నాము. రెండు అల్యూమినియం గొట్టాల మీద వేదిక అమర్చిన పాంటూన్ తీసుకోవాలా, లేక బల్లపరుపు అడుగున్న 14 అడుగుల పడవ చాలునా? పెద్దలు చెప్పగలరు.

బరంపురం సభ్యుడు:
వృద్ధులు, పసిపిల్లలు ఎక్కే పడవకు మొదట కావలసింది నిలకడ కనుక నేను పాంటూన్ వైపే మొగ్గుతాను. గొట్టాలు రెండూ ఎడంగా ఉండడం వల్ల నలుగురు ఒకే పక్కకు లేచి నిలబడినా అది పెద్దగా ఒరగదు. మంచి తయారీలో గొట్టాల లోపల విడివిడి అరలు ఉంటాయి కాబట్టి ఒకచోట చిల్లు పడినా తేలుతూనే ఉంటుంది. వేదిక మీద పడిన నీరు తనంతట తానే జారిపోతుంది. చిన్న పడవలోనైతే ఆ నీరు అడుగున నిలిచి, ఒరిగిన వైపుకే పారి, ఒరుగును మరింత పెంచుతుంది.

ఛత్రపురం సభ్యుడు:
నీటి సంగతి నిజమే. కాని వేసవిలో చిలికా మీద వీచే దక్షిణపు గాలిని లెక్కలోకి తీసుకోకుండా నిలకడ గురించి మాట్లాడలేము. చుట్టూ కటకటాలు, పైన గుడ్డ కప్పు ఉన్న పాంటూన్ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. నీటిలో దిగి ఉండే భాగం తక్కువ కనుక పక్కకు కొట్టుకుపోతుంది. ఎదురలల్లో జనమంతా ముందుకు చేరితే దాని ముందు భాగం నీటిలోకి దిగిపోతుంది. దానిని అదుపులో ఉంచాలంటే పెద్ద మోటారు, దానికి తగిన ఇంధనం కావాలి. చిన్న పడవకు 15 హార్స్‌పవర్ మోటారు సరిపోతుంది. వలకట్ల మధ్య, నాచులో మోటారు పైకెత్తి గెడతో తోసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, నలుగురు పట్టి దానిని గట్టు మీదికి లాగగలరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది మన గోపాల్‌పూర్ దగ్గరే కదా.

బరంపురం సభ్యుడు:
గాలి మాట ఒప్పుకుంటాను, గెడ మాట ఒప్పుకోను. చిలికాలో లోతు ఎక్కువగా ఉండేది దక్షిణాన, రంభ వైపే; లోతు తక్కువ నీటిలో నడవడమనే మేలు సరస్సులోని నలబాణ దీవి వైపు తిరిగేవారికి పనికివస్తుంది గాని వీరికి అంతగా కాదు. పైగా బల్లపరుపు అడుగు ప్రతి అలకూ ఠపఠపా కొట్టుకుంటుంది, అంచులు తక్కువ ఎత్తు కనుక ప్రయాణికులు తడుస్తారు.

ఛత్రపురం సభ్యుడు:
అది సరైన మాట. అలాగైతే పాంటూనే తీసుకోండి, కాని మడిచే వీలున్న కప్పుతో తీసుకొని, గాలి పెరగకముందే తిరిగి రండి. చిలికా నీటిలో ఉప్పు ఉంటుంది కనుక గొట్టాలకు బదులు తామే అరిగిపోయే యానోడ్ లోహపు దిమ్మలు బిగించి, అరిగినప్పుడల్లా మార్చండి. డబ్బు కట్టే ముందు, తుపాను హెచ్చరిక వచ్చిన రోజున దానిని ఏ ట్రాక్టరుతో, ఏ దారిన పైకి చేర్చి ఎక్కడ కట్టేస్తారో తేల్చుకోండి. ఆ చోటు దొరకకపోతే 14 అడుగుల పడవే కొని, ప్రయాణికులను నలుగురికి మించి ఎక్కించకండి. ఏ పడవ కొన్నా లైఫ్ జాకెట్ వేసుకోనివారిని ఎక్కనివ్వకండి.