అప్‌డేట్: అపోలో 11 స్మారక గడియారాన్ని లాకర్‌లో దాచలేదు

అపోలో 11 చంద్రయాత్రకు యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా 2019లో గడియారాల సంస్థ ఒమేగా 6,969 మాత్రమే తయారుచేసిన స్టీలు చేతి గడియారం స్పీడ్‌మాస్టర్‌ను రోజూ పెట్టుకోవచ్చా, లాకర్‌లో దాచడమే మేలా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రోజూ పెట్టుకోవడానికే నిశ్చయించుకున్నాను.

అయస్కాంత ప్రభావం గురించి కొందరు హెచ్చరించారు గాని, ఇందులోని 3861 యంత్రం 15,000 గాస్ (అయస్కాంత తీవ్రతకు కొలమానం) వరకు తట్టుకునేలా రూపొందినది కనుక ఫోను, లాప్‌టాప్‌ల వల్ల నాకు బెంగ లేదు. పూర్తిగా కీ ఇస్తే సుమారు 50 గంటలు నడుస్తుంది. ఉదయం కాఫీకి ముందే, మీరు చెప్పినట్లు గడియారాన్ని చేతి నుంచి తీసి, క్రౌన్ (కీ ఇచ్చే పక్క మీట) బిగిసేంత వరకే తిప్పుతున్నాను.

తొమ్మిది అంకె దగ్గరి చిన్న డయల్‌లో, చంద్రుడి మీదికి దిగుతున్న అపోలో 11 వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ బొమ్మను బంగారంపై లేజర్‌తో చెక్కారు. సెకన్ల ముల్లు దాని మీదుగానే తిరుగుతుంది. సెకన్లు చదవడం కష్టమని కొందరన్న మాట నిజమే, కానీ వెలుగు ఏటవాలుగా పడి ఆ బొమ్మ తేలి కనిపించినప్పుడు సెకన్ల సంగతి నాకు గుర్తుండదు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన గడియారాన్ని ల్యాండర్‌లోనే ఉంచి దిగాడు, ఆల్డ్రిన్ మాత్రం తనది పెట్టుకునే దిగాడు కాబట్టి, గడియారంపై ఆల్డ్రిన్ ఉండడమే సబబు. వెనుక మూతపై చంద్రుడి నేలపై పడిన వ్యోమగామి బూటు ముద్రను చెక్కి మూసివేయడంతో యంత్రం కనిపించదు. నాకున్న అసంతృప్తి అదొక్కటే.