నడుం నొప్పి, కీళ్ల నొప్పి: ఎన్నాళ్లు చూడొచ్చు?

ప్రశ్న:
నడుం పట్టేస్తే అదే సర్దుకుంటుందని ఒకరంటారు, వెంటనే ఎమ్మారై తీయించమని ఇంకొకరంటారు. ఏది కనిపిస్తే ఇక ఆగకూడదు? కీళ్ల సంగతి కూడా చెప్పండి.

జవాబు 1:
వంగినప్పుడో బరువెత్తినప్పుడో పట్టేసిన నడుం చాలామందికి 4 నుంచి 6 వారాల్లో తగ్గుతుంది. అప్పుడే ఎమ్మారై తీయిస్తే ఒరిగేదేమీ ఉండదు. డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బు ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనబడుతుంది, రిపోర్టు చూసి బెంగపడటమే మిగులుతుంది. మంచానికి అతుక్కుపోకుండా ఓర్చుకోగలిగినంత నడవండి.

గంట కూడా ఆగకూడనివి వేరే ఉన్నాయి. మూత్రం రాకపోవడం, వస్తున్నా తెలియకపోవడం, మలం అదుపు తప్పడం, సైకిల్ సీటు ఆనే చోటంతా మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం. వెన్ను కింది భాగంలో ఉండే నరాల కట్ట నలిగితే ఇలా అవుతుంది. వీటిలో ఒక్కటి కొత్తగా మొదలైనా, అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆపరేషన్ ఆలస్యమైతే మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గోడ పక్కన మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు వేయండి. ఒక పాదం కొత్తగా బలం లేక నిలవలేకపోతుంటే నరం దెబ్బతింటోందని అనుమానించి అదే రోజు చూపించాలి.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్, చాలాకాలంగా స్టెరాయిడ్లు: వీటిలో ఏది తోడైనా ఆరు వారాల లెక్క వర్తించదు.

జవాబు 2:
కీళ్లకొస్తే, ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, కదపనివ్వకపోతే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి. జ్వరం లేదని ఊరుకోవద్దు. లోపల చీము పడితే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. సూదితో నీరు తీసి పరీక్షిస్తేనే అది చీమో, గౌటో (కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరి వచ్చే వాపు) తేలుతుంది. గౌట్ పోటు సమయంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉండొచ్చు, ఆ ఒక్క రక్తపరీక్షను నమ్ముకోకండి.

పొద్దున్న బిగుసుకున్న కీళ్లు అరగంటలోపు సడలితే ఎక్కువగా అరుగుదలే. గంట దాటినా సడలక, వేళ్ల కణుపులు వాస్తుంటే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవండి. 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్రలేపి, నడిస్తే తగ్గే నడుం నొప్పికీ ఆయనే.

అడిగినవారు:
మాత్రతో తగ్గిపోతుంటే భయం లేనట్టేనా?

జవాబు 1:
కాదండీ. డైక్లోఫెనాక్ లాంటివి జ్వరాన్నీ వాపునూ కప్పేస్తాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబరిచే మందులు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలు వేసుకోవద్దు.