కారు వెనక డ్రమ్ బ్రేక్ తీసేసి డిస్క్ బ్రేక్ వేయించొచ్చా?

ప్రశ్న: నాది పాత హ్యాచ్‌బ్యాక్, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు లాకవకుండా చూసే సిస్టమ్) లేదు. మొన్న శ్రీశైలం ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడిపోయి ఒకటే టెన్షన్. వెనక కూడా డిస్కులు వేయిస్తే ఈ బాధ పోతుందా?

జవాబు: బ్రేక్ వేయగానే బరువు ముందుకు వస్తుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు డిస్కులదే, వెనక మార్చినా పెద్ద తేడా తెలియదన్నా. పెడల్ మెత్తబడిందంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఉంటుంది, అది పాతబడేకొద్దీ తేమ పీల్చుకుని త్వరగా మరుగుతుంది. ఎప్పుడు మార్చారు?

ప్రశ్న అడిగినవారు: గుర్తే లేదు :)

ఇంకో జవాబు: అదీ సంగతి! కాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) బిగిస్తే అయిపోదండీ, హబ్ (చక్రం బిగించే భాగం), హ్యాండ్‌బ్రేక్ కేబుల్, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) అన్నీ కుదరాలి, లేకపోతే వానలో వెనక చక్రాలు ముందే లాకై బండి గిర్రున తిరుగుతుంది. ముందు ఫ్లూయిడ్ మార్పించి, డ్రమ్ షూలు అడ్జస్ట్ చేయించండి. ఘాట్‌లో రెండో గేరులో దిగండి.