కాంట్రాక్టు కార్మికులకు రిస్క్ అసెస్‌మెంట్ నేర్పించేది ప్రాణాలు కాపాడటానికా, నేరం వాళ్ల మీదకు నెట్టడానికా?

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, పరవాడ

మా ప్లాంట్‌లో వచ్చే నెల నుంచి కొత్త పద్ధతి పెడుతున్నారు. ప్రతి కాంట్రాక్టు హెల్పర్‌కీ రెండు రోజుల శిక్షణ. ప్రమాదం ఎక్కడుందో గుర్తించాలి. అది ఎంత తీవ్రమైందో, జరిగే అవకాశం ఎంతో చూసి 1 నుంచి 5 దాకా మార్కులు వేసి గుణించాలి. పని మొదలుపెట్టే ముందు ఫారం నింపి సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ ఇదంతా సేఫ్టీ డిపార్ట్‌మెంటే చేసేది.

నాకైతే మంచి పనే అనిపించింది. కానీ యూనియన్‌లో ఉన్న సీనియర్ ఒకాయన హెల్పర్లను పిలిచి ‘సంతకం పెట్టకండి, రేపు ఏదైనా జరిగితే నీ ఫారమే కదా అంటారు’ అని చెప్తున్నాడు. వాళ్లకి టెన్షన్ పట్టుకుంది. ఫార్మా, కెమికల్స్‌లో పనిచేసేవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

సేఫ్టీ ఆఫీసర్, జీడిమెట్ల

శిక్షణ ఇవ్వాల్సిందే. ఎందుకో చెప్తాను. మా ఎస్ఓపీలో, అంటే పని ఎలా చేయాలో రాసిపెట్టిన పత్రంలో, టోలీన్ అనే మండే సాల్వెంట్‌ని (ద్రావకాన్ని) పంపుతోనే రియాక్టర్‌లోకి ఎక్కించాలని ఉంది. రాత్రి షిఫ్ట్‌లో పంపు డయాఫ్రమ్ చిరిగిందనుకోండి, ప్లాస్టిక్ బకెట్లతో రియాక్టర్ పైనున్న మ్యాన్‌హోల్‌లో పోసేస్తారు. టోలీన్‌లో స్టాటిక్ చార్జ్ తొందరగా దిగదు, ప్లాస్టిక్ బకెట్‌కి ఎర్తింగ్ ఉండదు, మ్యాన్‌హోల్ మూతి దగ్గర ఆవిరి సిద్ధంగా ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ సంగతి పగలు ఆఫీసులో కూర్చునే నాకు ఎలా తెలుస్తుంది? హెల్పర్‌కి తెలుసు. నేను ఒక్కదాన్నే రాసిన అసెస్‌మెంట్‌లో బకెట్ ఉండదు. పనిచేసేవాడు పక్కన కూర్చుని రాయిస్తే ఉంటుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలోని 111ఏ సెక్షన్ కూడా ఆరోగ్యం, భద్రత గురించి సమాచారం అడిగే హక్కు, శిక్షణ పొందే హక్కు కార్మికుడికి ఇచ్చింది. భోపాల్ తర్వాత 1987 సవరణలో వచ్చిన సెక్షన్ అది. పోరాడి తెచ్చుకున్న హక్కుని మనమే వద్దంటే ఎలా?

పాత ఫిట్టర్, బొల్లారం

మేడమ్, మీరు చెప్పిన బకెట్ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ ఫారం తర్వాత ఏమవుతుందో నేను చెప్తా.

నేను పనిచేసిన ఒక యూనిట్‌లో సెంట్రిఫ్యూజ్ (సాల్వెంట్ నుంచి పొడిని వేరుచేసే యంత్రం) దగ్గర, నిప్పంటుకోకుండా పెట్టే నైట్రోజన్ లైన్ సరిగా పనిచేసేది కాదు. అసెస్‌మెంట్‌లో దానికి తీవ్రత 5, అవకాశం 4, మొత్తం 20 పడింది. ఎర్ర గడి. ఎర్ర గడి ఉంటే ఆడిట్‌లో అడుగుతారు. అందుకని ‘నియంత్రణ చర్యలు’ అనే గడిలో ‘సిబ్బందికి శిక్షణ ఇచ్చాము’ అని రాశారు. అవకాశం 4 నుంచి 2కి దిగింది, 20 కాస్తా 10 అయింది, ఎరుపు పసుపయింది. లైన్ మాత్రం అట్లనే ఉంది. బ్రేకులు పోయిన బస్సుకి డ్రైవర్‌ని మాత్రం ట్రైనింగ్‌కి పంపినట్టు.

ఇంకోటి. 111ఏ చెప్పారు కదా, దాని ముందున్న 111 కూడా చదవండి. భద్రత కోసం పెట్టిన పరికరాన్ని కావాలని పాడుచేసినా, ఇచ్చినదాన్ని కావాలని వాడకపోయినా కార్మికుడికి మూడు నెలల దాకా జైలు గానీ, వంద రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ అని ఉండేది. సంతకం పెట్టిన ఫారం చేతిలో ఉంటే ‘నేర్పించాం, అయినా వాడలేదు’ అనడం ఎంత తేలిక? ఆ యూనియన్ ఆయన భయం ఉత్తది కాదు.

ఎంటెక్ విద్యార్థి, విశాఖ

అంకుల్, ఒక్క ఉదాహరణ. 2020 మే 7న మా ఊళ్లో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక ప్రకారం ఆ ప్లాంట్‌లో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉంది, గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కటీ మోగలేదు. చుట్టుపక్కల జనం నిద్రలో ఉన్నారు. ఆ బటన్ నొక్కడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు కదా, శిక్షణే కావాలి.

పాత ఫిట్టర్, బొల్లారం

బాబూ, మంచి ఉదాహరణే ఇచ్చావు. మరి అదే నివేదికలో మిగతావి? ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ అడుగున మాత్రమే ఉంది. పైభాగంలో ఎంత వేడెక్కిందో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి కనపడే దారే లేదు. స్టైరీన్ తనంతట తాను గట్టిపడకుండా ఆపే టీబీసీ రసాయనం చాలినంత లేదు. చల్లబరిచే వ్యవస్థ ఇరవై నాలుగు గంటలూ నడవలేదు. ఇందులో ఏది హెల్పర్ ఫారం నింపితే సరి అయ్యేది?

సైరన్ సంగతికొస్తే, నొక్కడం ఎవరికైనా వస్తుంది. రాత్రిపూట నొక్కి, తీరా ఏమీ లేదని తేలితే పొద్దున ఎవరికి సంజాయిషీ ఇవ్వాలో కూడా వాళ్లకి తెలుసు. అక్కడ ఆ రాత్రి ఎవరి మనసులో ఏముందో నేను చెప్పట్లేదు. నేను చేసిన ప్లాంట్లలో మాత్రం చెయ్యి వెనక్కి లాగింది ఆ సంజాయిషీయే.

ఎంటెక్ విద్యార్థి, విశాఖ

సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాత చట్టంలోనే 41హెచ్ సెక్షన్ ఉంది కదా? ప్రమాదం ముంచుకొస్తుందనిపిస్తే పని ఆపే హక్కు కార్మికుడికి ఉంది.

సేఫ్టీ ఆఫీసర్, జీడిమెట్ల

పని ఆపే హక్కు కాదు తమ్ముడూ, హెచ్చరించే హక్కు. యజమానికో మేనేజర్‌కో చెప్పొచ్చు, అదే సమయంలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కీ తెలియజేయొచ్చు. యాజమాన్యానికి నిజమనిపిస్తే వెంటనే సరిచేయాలి, అనిపించకపోతే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కి పంపాలి, ఆయనదే తుది నిర్ణయం. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం బదులు అమల్లోకి వచ్చిన కొత్త ఓఎస్‌హెచ్ (పనిచోట భద్రత, ఆరోగ్యం) కోడ్‌లోనూ దాదాపు ఇదే ఏర్పాటు. ఇది నేను శిక్షణలో చెప్తుంటే వెనక బెంచీలో నవ్వుతారు, ఆ సంగతీ ఒప్పుకోవాలి.

హెచ్ఆర్, కూకట్‌పల్లి

అందరూ కంపెనీలనే అంటున్నారు. కాంట్రాక్టు హెల్పర్లలో చాలామంది ఆరు నెలలు కూడా ఉండరు. నేర్పించినవాడు పక్క కంపెనీకి వెళ్లిపోతాడు, కొత్తవాడికి మళ్లీ మొదటి నుంచి. రెండు రోజులు కూలీ ఇచ్చి కూర్చోబెట్టడమే గొప్ప.

పాత ఫిట్టర్, బొల్లారం

ఎందుకు వెళ్లిపోతారో కూడా ఓసారి ఆలోచించండి సార్.

రిఫైనరీ టెక్నీషియన్, జుబైల్ (ఊరు జగిత్యాల)

అన్నలూ, నేను సౌదీలో షట్‌డౌన్ పనులకు (ప్లాంట్ ఆపి చేసే రిపేర్లకు) పోతుంటా. మార్కులూ గుణింతాలూ ఎవరికి పనికొస్తాయో గానీ, నా ప్రాణానికి పనికొచ్చింది మాత్రం ఒకటుంది. నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. మీటర్‌లో 19.5 కంటే తక్కువ చూపిస్తే వెసెల్‌లోకి, అంటే ట్యాంకులోకి దిగొద్దు. బాగా తక్కువుంటే ఊపిరాడట్లేదని కూడా తెలియదు, రెండు మూడు శ్వాసల్లో పడిపోతారు. లోపల పడిపోయినవాడి కోసం పరుగెత్తి దిగితే రెండో శవం లేస్తుంది. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకుల్లో, బావుల్లో ఒకరి వెనక ఒకరు పోయేది ఇట్లనే.

ఇది మాకు క్లాసురూములో చెప్పలే. మ్యాన్‌హోల్ ముందర నిలబెట్టి, మీటర్ చేతికిచ్చి, హిందీలో చెప్పిండ్రు. తర్వాత ‘ఇప్పుడు నువ్వు నాకు చెప్పు’ అని అడిగిండ్రు. తిరిగి చెప్పలేనోడికి ఆ రోజు పర్మిట్ లేదు. అక్కడ పని ఆపమని చెప్పే కార్డు కూడా ఇస్తరు. అయితే దాన్ని ధైర్యంగా వాడేది కంపెనీ పర్మనెంటోళ్లే. మా సప్లై లేబర్‌ల వాడేటోడు తక్కువ, వీసా ఎవరి చేతిలో ఉందో తెలుసు కదా.

ఉత్పత్తి విభాగం, పాశమైలారం

జుబైల్ అన్న చెప్పినట్టు కంటికి కనపడని ప్రమాదాలకే శిక్షణ నిజంగా కావాలి. 2025 జూన్ 30న మా పారిశ్రామికవాడలోని సిగాచీలో డ్రయ్యర్ ఉన్న బ్లాక్ పేలింది. జాడ దొరకని ఎనిమిది మందిని కలిపితే 54 మంది పోయారు. అక్కడ తయారయ్యేది ఎంసీసీ, మనం మింగే మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. తిన్నా ఏమీ కాని పొడి అది. కానీ సన్నటి పొడి గాల్లో లేచి, నిప్పు తగిలితే ఎలా పేలుతుందో చూపించకపోతే ఎవరు నమ్ముతారు? దూలాల మీద పేరుకున్న పొడిని కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదితే పొడంతా గాల్లోకి లేస్తుంది, కానీ పైకి శుభ్రంగా కనపడుతుంది, సూపర్‌వైజర్ మెచ్చుకుంటాడు కూడా.

అక్కడ చనిపోయినవాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మా దగ్గరా అంతే. ఎస్ఓపీ ఇంగ్లిష్‌లో, బోర్డు తెలుగులో, చదవాల్సినవాడిది ఒడియా. పరవాడ సార్, మీ ఫారం ఏ భాషలో ఉంది?

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, పరవాడ

ఇంగ్లిష్‌లో. సంతకం చోట మాత్రం వేలిముద్రకి గడి ఉంది.

పాత ఫిట్టర్, బొల్లారం

గడి ముందే గీసి పెట్టుకున్నారన్నమాట.

సేఫ్టీ ఆఫీసర్, జీడిమెట్ల

వేలిముద్ర గడి చూశాక ఫిట్టర్ గారితో వాదించడం కష్టమే. అయినా నా మాట మీదే ఉన్నాను. శిక్షణ ఆపకండి, సంతకం తీసేయండి. ఫారం మీద హెల్పర్ ‘ఇక్కడ ఇది ప్రమాదం’ అని చెప్పినదాన్ని అతని భాషలో రాసుకోండి. కింద సంతకం దాన్ని సరిచేయాల్సినవాడిది ఉండాలి, ఏ తేదీలోపు సరిచేస్తాడో రాసి. అప్పుడది హెల్పర్ మీద సాక్ష్యం కాదు, మన మీద సాక్ష్యం.

ఇంకో పని. మీ పాత అసెస్‌మెంట్లు తీసి, నియంత్రణ చర్యల గడిలో శిక్షణ, హెచ్చరిక బోర్డు, మాస్కు తప్ప ఇంకేమీ లేని వరసలన్నీ విడిగా రాయండి. వాటన్నిటికీ తగ్గించిన మార్కులు కొట్టేసి పాత మార్కులు వేయండి. ప్రమాదకరమైనదాన్ని తీసేయడం, మార్చడం, ఇంజినీరింగ్‌తో అడ్డుకట్ట వేయడం, ఇవి అయ్యాకే శిక్షణ. మాస్కు అన్నిటికంటే ఆఖరు. మా చదువులో మొదటి పాఠమే ఇది, ఎక్సెల్ షీట్ దగ్గరికొచ్చేసరికి తలకిందులవుతుంది.

హెచ్ఆర్, కూకట్‌పల్లి

సంతకం లేకపోతే ఆడిటర్‌కి శిక్షణ ఇచ్చినట్టు ఏం చూపించాలి మేడమ్?

సేఫ్టీ ఆఫీసర్, జీడిమెట్ల

హాజరు పట్టీ చూపించండి. హాజరుకి సంతకం వేరు, ప్రమాదానికి బాధ్యత తీసుకుంటూ సంతకం వేరు. ఆడిటర్‌కి ఇంకా అనుమానముంటే ప్లాంట్‌లోకి తీసుకెళ్లి ఏ హెల్పర్‌నైనా అడగమనండి.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, పరవాడ

ఆ వరసలు నా బ్లాక్ వరకు ఇప్పుడే చూశాను. సాల్వెంట్ చార్జింగ్ (రియాక్టర్‌లోకి ఎక్కించడం), పొడి చార్జింగ్, సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్, మూడింటికీ ‘శిక్షణ ఇచ్చాము’ తప్ప ఇంకేం లేదు. రేపు జాబితా రాసి ప్లాంట్ హెడ్‌కి మెయిల్ పెడతాను.

పాత ఫిట్టర్, బొల్లారం

మెయిల్ అడుగున పడిపోతుంది సార్. సేఫ్టీ కమిటీ మీటింగ్‌లో పెట్టి మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) ఎక్కించండి. మీ కమిటీలో కాంట్రాక్టోళ్లు ఎంతమంది?

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, పరవాడ

ఒక్కరూ లేరు. అందరం పర్మనెంటే.

పాత ఫిట్టర్, బొల్లారం

అయితే జాబితాలో మొదటి వరస అదే రాయండి.